కోబో టూల్‌బాక్స్ రివ్యూ: బెంగళూరులో మానసిక ఆరోగ్య పనికి కొన్నేళ్లు వాడాక

బెంగళూరు తూర్పు వైపు లేబర్ షెడ్లలో, గార్మెంట్స్‌కి వెళ్లేవాళ్లుండే కాలనీల్లో పనిచేసే చిన్న సంస్థ మాది. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి రోజులో సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి. డిప్రెషన్, ఆందోళన, తాగుడుతో బాధపడేవాళ్లను ఇంటి దగ్గరే గుర్తించి, మాట్లాడి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపి, తర్వాత మాత్రలు మధ్యలో ఆపేయకుండా చూసుకోవడం మా పని. దీనికి కోబో టూల్‌బాక్స్ అనే, ఫోన్‌లోనే ప్రశ్నలడిగి జవాబులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మామూలు సంగతులు. ఎక్సెల్‌లో ప్రశ్నలు రాసి ఎక్కిస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫారంగా వచ్చేస్తుంది, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. లాభాపేక్ష లేని సంస్థలకి ఉచితంగా వాడుకునే వీలుంది. నెట్ లేకపోయినా ఫారం నింపి దాచుకుని, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట బేస్‌మెంట్‌లో కూర్చుని మాట్లాడే మాకు ఇది లేకపోతే కుదరదు. ఒకే ఫారంలో కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ నాలుగూ పెట్టుకున్నాం, ఎదుటి మనిషిని బట్టి భాష మార్చుకుంటే సరిపోతుంది.

అసలు ఉపయోగం పీహెచ్‌క్యూ-9 దగ్గర మొదలైంది. తెలియనివాళ్ల కోసం: డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి గత రెండు వారాల గురించి అడిగే 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, అన్నీ కలిపితే గరిష్ఠంగా 27. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ చూడాలని మా పద్ధతి. కాగితం మీద ఉన్నప్పుడు అందరి కళ్లూ ఆ మొత్తం మీదే ఉండేవి. చనిపోతే బాగుండని, తనను తాను గాయపరచుకోవాలని అనిపిస్తోందా అని అడిగేది 9వ ప్రశ్న. ఇప్పుడు దానికి సున్నా తప్ప ఏ జవాబు నొక్కినా మొత్తం ఎంతైనా సరే వెంటనే వేరే స్క్రీన్ వస్తుంది: మనిషిని ఒంటరిగా వదలొద్దు, సూపర్‌వైజర్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యి, కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఒక గార్మెంట్స్ అక్కకి మొత్తం 8 వచ్చింది, పాత లెక్కలో అయితే వచ్చే నెల రమ్మని పంపేసేవాళ్లం. 9వ ప్రశ్నకి 1 ఉంది. మా కార్యకర్త ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయి, పక్క వీధిలో ఉండే చెల్లెల్ని పిలిపించి, పొద్దున్నే ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ అక్క ఇప్పుడు బాగుంది. ఈ ఒక్క స్క్రీన్ కోసమైనా నేను ఈ సిస్టమ్‌ని వదలను.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది, చెప్పిన తేదీకి క్లినిక్‌కి రానివాళ్ల జాబితాకి. రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల సంతకాలు ఉంటాయి, రానివాళ్లు ఎక్కడా కనపడరు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. అంత కష్టపడి ఒక మనిషిని క్లినిక్ దాకా తీసుకొస్తే రెండోసారి రాకపోవడం ఎంత నష్టమో చూడండి. మేము ప్రతి సోమవారం డేటా దింపుకుని, తేదీ దాటినా రానివాళ్ల పేర్లు తీసి కార్యకర్తలకి ఇస్తాం. ఇళ్లకి వెళ్లి అడిగితే కారణాలు చాలా మామూలువి. క్లినిక్ పెట్టింది పనిరోజు పొద్దున, వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆదివారానికి మార్చాం, మగవాళ్లు రావడం మొదలైంది. ఇంకో గుంపు ఉగాదికో, వేరుశనగ పనులకో ఊరెళ్లి అక్కడ మాత్రలు అయిపోయి ఆపేసినవాళ్లు. ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చాం: “ఈ రెండు నెలల్లో ఊరికి వెళ్తారా?” అవునంటే డాక్టర్‌తో మాట్లాడి ఎక్కువ రోజులకి మాత్రలు రాయిస్తాం, ఊర్లో దగ్గరి ఆసుపత్రి ఏదో చెప్పి పంపుతాం. డేటా అంటే గ్రాఫులు, డ్యాష్‌బోర్డులు అనుకుంటారు గానీ మా దగ్గర ఎక్కువ పని చేసింది ఈ ఒక్క ప్రశ్నే.

ఇప్పుడు ఇబ్బందులు. ఇది సర్వేల కోసం తయారైన పనిముట్టు. ఒకే మనిషిని నెలల తరబడి వెంబడించడానికి దీన్ని కాస్త ఒప్పించాలి. ప్రతి ఫారం విడి రికార్డుగా వచ్చి పడుతుంది కాబట్టి మనిషికో నంబరు ఇచ్చి, పాత వివరాల ఫైలు ఫారానికి జతచేసి, నంబరు కొడితే పోయినసారి స్కోరు కనిపించేలా పెట్టుకున్నాం. పనిచేస్తుంది, కానీ ఆ ఫైలు తాజాగా ఉంచే మనిషి ఒకరు ఉండాల్సిందే. కేసుల సంఖ్య వేలల్లో ఉంటే మొదటి నుంచే ఒకే మనిషిని వెంబడించడానికి తయారైన కామ్‌కేర్ లాంటి సాఫ్ట్‌వేర్, లేదా ఎంటిటీస్ అనే సదుపాయంతో ఒకే మనిషి వివరాలు ఫారం నుంచి ఫారానికి తీసుకెళ్లే ఓడీకే చూడండి.

ఇంకో ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌ది కాదు. మాకు డబ్బిచ్చే ఒక సంస్థ (పేరు రాయను) ప్రతి నెలా “ఎంతమందిని స్క్రీన్ చేశారు” (అంటే ఎంతమందిని ఈ ప్రశ్నలు అడిగి చూశారు) అనే అంకె ఒక్కటే అడిగేది. అంకె కోసం పరిగెడితే కార్యకర్త ప్రశ్నలు గబగబా చదివేసి అన్నీ సున్నాలు నొక్కేస్తుంది, ఆ తప్పు ఆమెది కాదు. ఫారం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రెండూ రికార్డు అవుతాయి, మరీ తొందరగా అయిపోయినవి చూసి మేమే ఆ టార్గెట్ తగ్గించమని గట్టిగా అడిగాం. చాలా వాదన జరిగాక తగ్గించారు.

గోప్యత గురించి మొహమాటం లేకుండా చెప్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషి తన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు ఉంది. పదిమంది ఒకే గది పంచుకునే షెడ్డులో ఫోన్ తీసి ప్రశ్నలు చదివితే ఆ హక్కు అక్కడే పోయినట్టు. మా వాళ్లు టీ అంగడి దాకా నడిపించి మాట్లాడతారు, ముందు ఫోన్ బయటికి తీయరు, మాట కలిశాకే తీస్తారు. అందరికీ ఒకే లాగిన్ ఇవ్వకండి. పేరు, ఫోన్ నంబరు ఒక ఫారంలో, ఆరోగ్య వివరాలు వేరే ఫారంలో పెట్టి, మనిషికి ఇచ్చిన నంబరుతో కలపండి. సంస్థ వదిలి వెళ్లిన వాళ్ల లాగిన్ ఆ రోజే తీసేయండి, ఫోన్‌లో మిగిలిన ఫారాలు కూడా తుడిచేయించండి.