సాండ్‌విచ్ షాపు లంచ్: రెడింగ్‌లో ఏళ్ళ తరబడి తిన్నాక

రుచి కోసమైతే వెళ్ళొద్దు, ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లండ్‌లో హై స్ట్రీట్ సాండ్‌విచ్ షాపులో లంచ్ కొనడానికి వేరే మంచి కారణాలున్నాయి. ఐదు నిమిషాల్లో పనైపోతుంది. లోపల ఏముందో అట్ట మీద పొల్లుపోకుండా రాసి ఉంటుంది. ఏ ఊరికెళ్ళినా అదే సరుకు దొరుకుతుంది. నాలుకే కాస్త సర్దుకుపోవాలి.

నా ఆఫీసు రెడింగ్ అనే ఇంగ్లండ్ ఊళ్ళో, స్టేషన్ దగ్గర. కొన్ని రోజులు ఇంటి నుంచి బాక్సు, కొన్ని రోజులు బయట. బయట అంటే ప్రెట్, గ్రెగ్స్, సబ్‌వే లాంటి చైన్ షాపులు, లేకపోతే టెస్కో సూపర్‌మార్కెట్లో మీల్ డీల్ (సాండ్‌విచ్, చిప్స్, డ్రింకు కలిపి ఒకే ధర). బాక్సు రోజుల్లో మైక్రోవేవ్ దగ్గర క్యూ ఒకటి, చేపల పులుసు వేడి చేస్తే ఫ్లోరంతా వాసన వస్తుందేమోనన్న టెన్షన్ ఒకటి. ఆ టెన్షన్ వద్దనుకున్న రోజు సాండ్‌విచ్ తింటాను.

మనవాళ్ళకి ముందు ఇబ్బంది పెట్టేది చల్లదనం. మధ్యాహ్నం పన్నెండున్నరకి, బయట వాన పడుతుంటే, ఫ్రిజ్ అరలోంచి తీసిన బ్రెడ్డు తినడమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడివాళ్ళకి అది అలవాటు, నిజమే. కానీ దాని వెనక పన్ను కూడా ఉంది. చల్లటి సాండ్‌విచ్ కొని బయటికి పట్టుకెళ్తే వ్యాట్ సున్నా. అదే సాండ్‌విచ్ షాపులో కూర్చుని తింటే 20 శాతం. వేడి చేయించుకుంటే బయటికి పట్టుకెళ్ళినా 20 శాతమే. అందుకే ప్రెట్ లాంటి చోట్ల ఒకే వస్తువుకి రెండు ధరలు కనిపిస్తాయి. కౌంటర్లో 'ఈట్ ఇన్ ఆర్ టేక్ అవే?' అని అడిగేది మర్యాద కోసం కాదు, బిల్లు కోసం. గ్రెగ్స్‌లో చీజ్ అండ్ ఆనియన్ బేక్ (చీజ్, ఉల్లిపాయ కూరిన పఫ్) ఒక్కోసారి పొగలు కక్కుతూ, ఒక్కోసారి గోరువెచ్చగా దొరకడానికీ ఇదే కారణం. ఓవెన్ నుంచి తీసి అలా అరలో పెట్టేస్తారు, వేడి నిలబెట్టరు. తనంతట తాను చల్లారుతున్న దానికి పన్ను పడదు. 2012లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ దీని మీద కూడా వ్యాట్ వేయబోతే దేశమంతా గోల చేసింది. చివరికి వెనక్కి తగ్గారు. ఒక పఫ్ కోసం ఇంత రాజకీయమా అని అప్పుడు నవ్వినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. నా మట్టుకు నాకు మాత్రం ఆ గోల న్యాయంగానే కనిపిస్తుంది.

బిల్లు ఒకసారి చూసుకోవడం మంచిది. ఒక చైన్‌లో, పేరెందుకులెండి, నేను సంచి పట్టుకుని తలుపు వైపు నడుస్తుంటే ఈట్ ఇన్ రేటు కొట్టారు. అడిగితే మారు మాట్లాడకుండా మార్చారు. అడగకపోతే పోయినట్టే.

ఇక తినేవాటి సంగతి. మాది భీమవరం, రొయ్యలంటే వేపుడో ఇగురో తెలిసిన నోరు. ఇక్కడ రొయ్యల మయోనైజ్ సాండ్‌విచ్ అంటే పడి చస్తారు. చిన్న చిన్న రొయ్యలు, చల్లగా, తెల్లటి మయోలో మునిగి ఉంటాయి. ఉప్పు సరిపోతుంది, నీచు వాసన ఉండదు, కానీ రొయ్య తిన్నట్టే ఉండదు. కారొనేషన్ చికెన్ ఇంకో కథ. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందు కోసం రోజ్‌మరీ హ్యూమ్, కాన్‌స్టెన్స్ స్ప్రై తయారు చేసిన వంటకం. చల్లటి చికెన్, మయోనైజ్, కర్రీ పౌడర్, ఆప్రికాట్. ఇప్పుడు షాపుల్లో దొరికేదాంట్లో కిస్‌మిస్ కూడా వేస్తున్నారు. ముక్క కొరికితే ముందు తీపి తగులుతుంది, ఆ వెనక పచ్చి పసుపు వాసన, కారం ఎక్కడా కనపడదు. కర్రీ అని మన పేరు చెప్పుకుని అమ్మేది మన రుచికి ఇంత దూరంగా ఉండనవసరం లేదు. నా డెస్క్ సొరుగులో చిన్న సీసాలో నల్లకారం ఉంటుంది. ఎగ్ సాండ్‌విచ్ విప్పి అర చెంచా చల్లితే దానికి ప్రాణం వస్తుంది. పక్క సీటు ఇంగ్లీషాయన కూడా ఇప్పుడు ఆ సీసా అడిగి తీసుకుంటున్నాడు.

సబ్‌వేలో ఈ బాధ తక్కువ. ఎదురుగా నిలబడి చెప్పి చేయించుకోవచ్చు, హాలపీన్యో మిరపకాయలు ఇంకొంచెం వేయమంటే వేస్తారు. కానీ ఆ బ్రెడ్డు తీపిగా ఉంటుందని మీకు అనిపిస్తే అది భ్రమ కాదు. పిండి బరువులో 2 శాతం మించి పంచదార ఉంటే ఐర్లండ్ పన్ను చట్టం దాన్ని మామూలు బ్రెడ్డుగా ఒప్పుకోదు. సబ్‌వే బ్రెడ్డులో 10 శాతం ఉందని 2020లో అక్కడి సుప్రీం కోర్టు తేల్చింది.

శాకాహారులు ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. ఇక్కడ వెజిటేరియన్ గుర్తు ఉన్నదాంట్లో గుడ్డు ఉండొచ్చు. మయోనైజ్ అంటే మామూలుగా గుడ్డే. గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టినవాళ్ళు వీగన్ (పాలు, గుడ్డు లాంటివి కూడా లేని) గుర్తు ఉన్నవే చూసుకోవాలి. అసలైన పార్మెసాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు కాబట్టి, ఆ చీజ్ కలిపి నూరే ఆకు పచ్చడి పెస్టో రాసిన సాండ్‌విచ్ ఆకుపచ్చగా ఉంది కదా అని తీసేసుకోకూడదు. సీజర్ డ్రెస్సింగ్‌లో ఆంచొవీ చేపలుంటాయి. పాస్ట్రామీ, సాల్ట్ బీఫ్, స్టేక్ బేక్ అంటే గొడ్డు మాంసం. గ్రెగ్స్ 2019 జనవరిలో వీగన్ సాసేజ్ రోల్ తెచ్చాక మనవాళ్ళకి కొంత ఊపిరి ఆడింది. వేడి మీద తింటే బాగుంటుంది, చల్లారితే మైదా నోటికి అంటుకుంటుంది.

ఇవన్నీ అట్ట చదివి తెలుసుకోగలుగుతున్నామంటే దాని వెనక ఒక పిల్ల ప్రాణం ఉంది. ప్రెట్ 1986లో లండన్ విక్టోరియా దగ్గర మొదలైన రోజుల నుంచీ షాపు వంటగదిలోనే చేసి, అదే రోజు అమ్మి, మిగిలింది స్వచ్ఛంద సంస్థలకి ఇవ్వడం దాని పద్ధతి. ఫ్యాక్టరీ నుంచి సీలు వేసి వచ్చే సాండ్‌విచ్‌కి పూర్తి పదార్థాల జాబితా తప్పనిసరి. షాపులోనే చేసినదానికి మాత్రం అప్పట్లో మినహాయింపు ఉండేది. 2016లో నటాషా ఎడ్నాన్ లపెరూజ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి హీత్రో విమానాశ్రయంలో ప్రెట్ బాగెట్ (పొడవాటి బ్రెడ్డు సాండ్‌విచ్) కొనుక్కుని తింది. బ్రెడ్డు పిండిలో కలిపిన నువ్వులు ఆమెకి పడవు. అట్ట మీద ఆ మాట లేదు. ఆమె చనిపోయింది. తల్లిదండ్రుల పోరాటంతో వచ్చిన నటాషా చట్టం 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు షాపులో చేసి ప్యాక్ చేసిన వాటి మీద కూడా అన్నీ రాయాలి, చట్టం చెప్పిన 14 రకాల అలర్జీ పదార్థాలు విడిగా కొట్టొచ్చినట్టు కనపడాలి. మన ఊళ్ళో పఫ్ కొన్నా, మిర్చి బజ్జీ కొన్నా ఇంత భరోసా ఉండదు. ఈ షాపులకి నేనిచ్చే మార్కుల్లో సగం ఈ అట్టకే పోతాయి.

మిగతా సగం మార్కుల్లో కోత పెట్టేది కక్కుర్తి. పేరు చెప్పను గానీ, ఒక చైన్‌లో సాండ్‌విచ్ కోసిన వైపు నుంచి చూస్తే చికెన్, టమాటా, ఆకు అన్నీ పొరలు పొరలుగా నిండుగా ఉంటాయి. డబ్బా విప్పి పై బ్రెడ్డు ఎత్తి చూడండి. కూరినదంతా ఆ అంచుకే తోసి ఉంటుంది, వెనక మూల రెండు వేళ్ళ మేర ఉత్త బ్రెడ్డు, దాని మీద వెన్న తడి కూడా ఉండదు. టమాటా ఆనిన చోట బ్రెడ్డు నానిపోయి వేలికి అంటుకొస్తుంది. డబ్బాకి కిటికీ ఏ వైపు పెట్టారో చూస్తేనే అర్థమవుతుంది.

డబ్బు లెక్క చూస్తే మీల్ డీల్‌ని కొట్టేది లేదు. ఒక సాండ్‌విచ్, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక డ్రింకు. టెస్కోలో క్లబ్‌కార్డ్ (వాళ్ళ సభ్యత్వ కార్డు) ఉంటే చాలాకాలం 3 పౌండ్లే ఉండేది, 2022 అక్టోబరులో 3.40 చేశారు, తర్వాత ఇంకా పెరిగింది. అయినా చవకే. ఒంటిగంట దాటితే అరలో ఎగ్ అండ్ క్రెస్ (గుడ్డు, ఆకు వేసిన సాండ్‌విచ్) తప్ప ఏమీ మిగలదు, పన్నెండు కొట్టకముందే వెళ్ళాలి. ప్రెట్ కాఫీ సబ్‌స్క్రిప్షన్ 2020లో నెలకి 20 పౌండ్లతో, రోజుకి ఐదు కప్పుల దాకా ఉచితంగా మొదలైంది. 2024లో ఆ పద్ధతి తీసేసి సగం ధర పథకం పెట్టారు. ఇప్పుడది తరచుగా తాగేవాళ్ళకే గిట్టుబాటు. ఎండ కాస్తే తీసుకెళ్ళి ఫార్‌బరీ గార్డెన్స్‌లో, ఆ పెద్ద సింహం బొమ్మ ఎదురుగా బెంచీ మీద కూర్చోండి. టేక్ అవే రేటుకే ఈట్ ఇన్ సుఖం.

స్టూడెంట్లకి ఒక మాట. టూ గుడ్ టు గో యాప్‌లో సాయంత్రం మిగిలిన సరుకు అసలు ధరలో కొంత భాగానికే సంచి కట్టి ఇస్తారు. ఏమొస్తుందో మనం ఎంచుకోలేం. నలుగురున్న ఇల్లైతే హామ్ వచ్చినా, ట్యూనా వచ్చినా ఎవరో ఒకరు తింటారు. ఒంటరిగా ఉండే శాకాహారి అయితే మాత్రం కొనకండి, డబ్బు దండగ.