20 లీటర్ల ఉక్కు జెర్రీ క్యాన్: బంకులు లేని దారిలో ఎంతవరకు ఆదుకుంటుంది?

ముందే చెప్పేస్తాను. బంకు దొరకని దూరాలకు ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెళ్లేవాళ్లు పెద్ద ట్యాంకు బిగించుకునే ఆలోచన చేసేముందు ఇలాంటి ఉక్కు క్యాన్లు రెండు కొనుక్కోవాలి. నేను వాడుతున్నది అదనపు డీజిల్ వెంట తీసుకెళ్లడానికి పాత సైనిక నమూనాలో చేసిన 20 లీటర్ల క్యాన్, మీటతో బిగించే మూత ఉన్నది. ఎండలో, గతుకుల్లో, ఇసుకలో బాగా వాడి చూశాకే ఇది రాస్తున్నాను.

క్యాన్ సంగతికి ముందు డీజిల్ లెక్క చెప్పాలి. కంపెనీ చెప్పిన మైలేజీని ట్యాంకు సైజుతో గుణించేసి ధైర్యంగా బయల్దేరేవాళ్లు చాలామంది ఉన్నారు. నా పికప్ ట్యాంకు 80 లీటర్లు. తారు రోడ్డు మీద లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి కాగితం మీద 880. అదే బండి టైర్లలో గాలి తగ్గించుకుని లో రేంజ్‌లో, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరులో, మెత్తటి ఇసుకలో దిగితే మైలేజీ 6 దాటదు. ట్యాంకు అడుగున మిగిలే ఏడెనిమిది లీటర్లను నేను అసలు లెక్కలోకి తీసుకోను. ఏటవాలులో బండి ఒక పక్కకు ఒరిగితే ఆ కాస్త డీజిల్ మూలకు చేరి పంపుకు అందకపోవచ్చు. ఇక మిగిలింది 72 లీటర్లు, అంటే 432 కిలోమీటర్లు. 880లో సగం కూడా లేదు.

పైగా వెనక్కి తిరగాల్సి రావచ్చు. రెండు బంకుల మధ్య దూరం 300 కిలోమీటర్లనుకోండి. 250 పోయాక వాగు పొంగి దారి మూసుకుపోతే మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి, మొత్తం 500. దాని మీద పావు వంతు అదనంగా పెట్టుకుంటే 625. ట్యాంకు ఒక్కటే ఆ దూరానికి చాలదు. రెండు క్యాన్లలోని 40 లీటర్లు, అదే గడ్డు మైలేజీ చొప్పున, ఇంకో 240 కిలోమీటర్లు కలుపుతాయి. 672 అయింది. ఇప్పుడు టెన్షన్ లేకుండా బయల్దేరొచ్చు.

ఇక వస్తువు విషయానికొస్తే, ఈ నమూనా 1930లలో జర్మనీలో సైన్యం కోసం తయారైంది. దాన్ని ఇప్పటికీ పెద్దగా మార్చలేదంటే కారణం చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. పైన మూడు పిడులు ఉంటాయి. నిండు క్యాన్‌ను ఇద్దరు చెరో పక్క పట్టుకుని మోయొచ్చు, ఖాళీవైతే ఒక్క చేత్తో రెండు పట్టుకోవచ్చు. పక్క రేకుల మీద అడ్డంగా వేసిన పెద్ద గుణకారం గుర్తు లాంటి నొక్కు అందం కోసం పెట్టింది కాదు. ఎండకు డీజిల్ వ్యాకోచించినప్పుడు రేకు కాస్త ఉబ్బడానికి అది వీలిస్తుంది. 20 లీటర్లు పోశాక కూడా పిడుల కింద కొంత గాలి మిగిలేలా ఉంటుంది ఆకారం. ఆ ఖాళీని నింపేయకండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూతి లోపలున్న సన్నటి గాలి గొట్టం. క్యాన్ వంచగానే గాలి ఆ దారిన లోపలికి పోతుంది కాబట్టి డీజిల్ గుడగుడలాడుతూ చేతుల మీద చిందకుండా ఒకే ధారగా పడుతుంది. స్ప్రింగు మూతి ఉన్న ప్లాస్టిక్ క్యాన్ పట్టుకుని ఎదురుగాలిలో నిలబడ్డవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పెట్రోలు బండి ఉన్నవాళ్లు మాత్రం పోసే గొట్టం తమ ట్యాంకు మూతిలో దూరుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. కొన్ని బండ్లకు ఆ రంధ్రం సన్నగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. మూత కింది రబ్బరు వాషర్ వేడికి గట్టిపడి, మూతి చుట్టూ డీజిల్ చెమ్మ కనిపించడం మొదలైంది. వాషర్ మార్చగానే ఆగిపోయింది కానీ, ఇంత మంచి క్యాన్‌తో పాటు ఒక అదనపు వాషర్ ఇస్తే కంపెనీ సొమ్మేం పోయింది? లోపలి పూత కూడా టార్చి వేసి చూడండి. అది పెచ్చులూడితే తుప్పు రజను ట్యాంకులోకి పోతుంది, ఇప్పటి డీజిల్ ఇంజెక్టర్లు దాన్ని తట్టుకోలేవు. జాలీ ఉన్న గరాటు లేకుండా నేను పోయను.

బరువు తక్కువేం కాదు. నిండు క్యాన్లు రెండూ కలిపి 42 కిలోల దాకా తూగుతాయి. ఆ బరువంతా రూఫ్ ర్యాక్ మీద పెడితే పక్కవాలులో బండి ఊగే తీరే మారిపోతుంది. వెనక బంపరుకు తగిలిస్తే ఎవరైనా గుద్దినప్పుడు మొదటి దెబ్బ దానికే. నేను పికప్ తొట్టిలో, క్యాబిన్ గోడకు ఆనించి, పట్టీలతో గట్టిగా బిగిస్తాను. మూసి ఉన్న క్యాబిన్‌లో మాత్రం వద్దు, ఆవిరి ప్రమాదం. నింపేటప్పుడు కచ్చితంగా కిందికి దించి నేల మీద పెట్టాలి. తొట్టిలోని ప్లాస్టిక్ పరుపు మీదే ఉంచి నింపితే స్థిర విద్యుత్తు వల్ల నిప్పురవ్వ పుట్టొచ్చు, ముఖ్యంగా పెట్రోలుతో. ఎండలో కాగిన క్యాన్ మూతను కూడా మెల్లగా తెరిచి, ముందు లోపలి ఒత్తిడి పోనివ్వాలి.

ఎప్పుడు పోయాలన్న దాంట్లో చాలామందితో నాకు పేచీ. రిజర్వు లైటు వెలిగేదాకా ఆగుతారు. ట్యాంకులో 20 లీటర్ల చోటు దొరకగానే మొదటి క్యాన్ పోసేయాలంటాను నేను. బరువు కిందికి దిగుతుంది. ఆ డీజిల్‌లో నీళ్లో మట్టో ఉంటే బంకు ఇంకా దగ్గర్లో ఉండగానే బయటపడుతుంది. రెండోది మాత్రం చివరిదాకా కదపను. రాయి తగిలి ట్యాంకు చిల్లి పడితే, దానికి అతుకు వేశాక పోయడానికి అదొక్కటే మిగులుతుంది. పెద్ద ట్యాంకులో ఈ వీలు లేదు, మంచిదైనా చెడ్డదైనా అంతా ఒక్కచోటే ఉంటుంది. అస్తమానం ఇలాంటి దారుల్లోనే తిరిగేవాళ్లకైతే పెద్ద ట్యాంకే సుఖం, దించడం ఎత్తడం ఉండదు.

కొనగానే చేయాల్సిన పని ఒకటుంది. క్యాన్‌లో సగం నీళ్లు పోసి, మూత బిగించి, రాత్రంతా కాగితం మీద బోర్లించండి. తెల్లారేసరికి కాగితం తడిస్తే వాషర్ సరిచేసి మళ్లీ చూడండి, అప్పటికీ కారితే తిరిగి ఇచ్చేయండి. కారకపోతే మూత తీసి, లోపల చెమ్మ కూడా లేకుండా ఎండబెట్టాకే డీజిల్ పోయండి.