వానాకాలంలో చెన్నై మెట్రో: ఐదుకు నాలుగు స్టార్లు

నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మెట్రోను నమ్ముకోవచ్చా అని ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు అడుగుతుంటారు. నమ్ముకోవచ్చండి, నేనైతే వాన పట్టిందంటే ఇంకో ఆలోచన లేకుండా మెట్రోయే ఎక్కుతాను.

కట్టేటప్పుడే వాన సంగతి చూసుకుని డబ్బు పెట్టారు కాబట్టే ఆ ధైర్యం. భూగర్భ స్టేషన్ల గుమ్మం దగ్గర గమనించండి, ముందు కొన్ని మెట్లు పైకెక్కాకే కిందికి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది కష్టమే, కానీ రోడ్డు మీద నిలిచిన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ కాస్త ఎత్తే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి ఎయిర్‌పోర్టు రన్‌వే మునిగి విమానాలు ఆగిపోయాయి, మెట్రో నడిచింది.

మరి ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, అదే తుఫానులో సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్ ముందు నాలుగడుగుల నీళ్లు నిలిచి, పక్క స్టేషను ఆలందూరు వెళ్లి ఎక్కండని ప్రయాణికులకు చెప్పాల్సొచ్చింది. పైన రైలు తిరుగుతున్నా కింద మనిషి దాన్ని అందుకోలేకపోతే ఏం లాభం? తిరుపతి వెళ్లేవాళ్లకు ఇంకో టెన్షన్: మెట్రోలో సెంట్రల్ దాకా చేరినా, సెంట్రల్ దాటాక వచ్చే బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్పాడి మధ్య నీళ్లు పెరిగితే అక్కడి నుంచి రైలుండదు. 2023లో అలాగే అయింది, 2024 అక్టోబరులోనూ మళ్లీ రైళ్లు రద్దయ్యాయి.

ఇవి సరిచేయడానికి డబ్బుల్లేవంటే నేను ఒప్పుకోను. విపత్తులకు తట్టుకునేలా కడితే ఖర్చు సగటున 3 శాతం దాకా పెరుగుతుందని, పెట్టిన ప్రతి రూపాయికీ నాలుగు రూపాయల మేలు జరుగుతుందని ప్రపంచ బ్యాంకు 2019లోనే లెక్క చెప్పింది. రెండో దశ మెట్రో ఖర్చు 63,246 కోట్లు, అందులో 3 శాతమంటే దాదాపు 1,900 కోట్లు. అది స్తంభాలకీ సొరంగాలకీ మాత్రమే పోకుండా, స్టేషన్ చుట్టూ వాననీటి కాలువలకీ, బస్టాపు నుంచి గుమ్మం దాకా ఎత్తైన నడకదారికీ కూడా అందాలి. ఎక్కడ ముందు పెట్టాలన్నది టికెట్ల లెక్క చూసి తేల్చొద్దు, రోడ్డు మునిగితే ఇంకో దారి లేని చోట ముందు పెట్టాలి. పళ్లికరణై చిత్తడి నేల పక్కనున్న పెరుంబాక్కం, శోలింగనల్లూరు వైపు వాళ్ల పరిస్థితి సరిగ్గా అదే. అటు వెళ్లే రెండో దశ లైను తెరిచేలోపే అక్కడ కాలువల పని పూర్తి చేస్తే ఆ ఐదో స్టారూ ఇచ్చేస్తాను.

అప్పటిదాకా కుండపోత రోజున మౌంట్ వైపు వాళ్లు ఆలందూరు వెళ్లి ఎక్కండి. తిరుపతి టికెట్ ఉంటే, రైలు ఉందో లేదో చూసుకున్నాకే బ్యాగు సర్దుకోండి.