అలారం డిస్క్ లాక్: పాత బండికి పనికొస్తుందా?

తిలక్ రోడ్డులో కొన్నాను, 950 రూపాయలు. బేరమాడితే ఇంకో యాభై తగ్గేదేమో, నాకంత ఓపిక లేదు. పిడికిలంత ఇనుప ముద్ద. దీని పిన్ను ముందు చక్రం బ్రేక్ డిస్క్ రంధ్రంలో దిగుతుంది. ఎవరైనా బండి కదిపితే మొదట చిన్నగా కూస్తుంది. మళ్ళీ కదిపితే వీధంతా వినిపించేలా అరుస్తుంది.

నాది 2012 పల్సర్. హ్యాండిల్ లాక్ తప్ప దానికి వేరే కాపలా లేదు, గట్టిగా తంతే అదీ పోతుంది. అలిపిరిలో బండి పెట్టి కొండ నడిచి ఎక్కితే, తిరిగొచ్చేదాకా టెన్షనే.

కార్ల సంగతి వేరు. అమెరికాలో 1991లో 16 లక్షలకు పైగా వాహనాలు పోయాయి. తాళంచెవిలో చిప్ ఉంటేనే ఇంజన్ స్టార్టయ్యే ఇమ్మొబిలైజర్ వచ్చాక ఆ లెక్క ఏళ్ళ తరబడి దిగింది. అక్కడ కియా, హ్యుందాయ్ కొన్ని మోడళ్ళకి అది పెట్టలేదు. ఆ సంగతి వీడియోలకెక్కాక దొంగలు వాటి మీదే పడ్డారు. 2022, 2023లలో లెక్క మళ్ళీ 10 లక్షలు దాటింది. 2024లో 17 శాతం తగ్గింది. నా పల్సర్‌కి చిప్ ఎటూ లేదు, అందుకే ఈ ముద్ద. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు వస్తోంది. మంచిదే, కానీ అది పోయిన బండిని పట్టుకోవడానికి పనికొస్తుంది, పోకుండా ఆపదు.

ఇక లోపాలు. పక్క బండి తగిలినా అరుస్తుంది. ఓసారి కొండ దిగొచ్చేసరికి పార్కింగ్ కుర్రాడు ఎదురొచ్చి, "స్వామీ, మీ బండి పొద్దుట్నుంచి ఏడుస్తానే ఉంది" అన్నాడు. లోపలి బటన్ సెల్స్ త్వరగా అయిపోతాయి; అయిపోతే మామూలు తాళమే. సెల్స్ మార్చాలంటే విప్పి బిగించే చిన్న స్క్రూలు, వాటికో బుల్లి అలెన్ కీ, అది పారేసుకుంటే అంతే సంగతులు. లాక్ వేసినట్టు గుర్తుచేసే పసుపు స్ప్రింగు వైరు విడిగా కొనాలి. అది లేకుండా వాడొద్దు, మరిచిపోయి బండి తీస్తే కాలిపర్ (డిస్క్‌ని నొక్కిపట్టే బ్రేక్ భాగం) దెబ్బతింటుంది.

అయినా ఐదుకి నాలుగిస్తా. డ్రమ్ బ్రేక్ బండ్లకి మాత్రం ఇది పట్టదు. మా ఆవిడ ఎక్సెల్‌కి గొలుసే కొన్నాం. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఉంటే బండి పోయినా పైసా రాదు, రెన్యువల్ అప్పుడు అదొకటి చూసుకోండి.