పోర్టు ఎప్పుడు తెరుచుకుంది? బోటో3 కాన్ఫిగ్ క్లయింట్‌పై సమీక్ష

భీమవరం, అమలాపురం వైపు రొయ్యల చెరువుల ఆక్సిజన్ మీటర్ల రీడింగులు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లోకి పంపుతుంటే, ఆ సర్వర్లు చూసుకోవడానికి పెద్ద టీములేమీ ఉండవు. ఏదో రాత్రి సర్వర్ ముందు కాపలా గోడలాంటి సెక్యూరిటీ గ్రూప్‌లో 22వ పోర్టు (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) 0.0.0.0/0కి, అంటే లోకం మొత్తానికి, తెరుచుకుందనుకోండి. ఎవరు తెరిచారో, ఎవరేం చేశారన్న చిట్టా రాసే క్లౌడ్‌ట్రెయిల్ చెబుతుంది. ఎప్పటి నుంచి తెరిచి ఉంది, అంతకుముందు అక్కడ ఏముంది అన్నది సెట్టింగుల మార్పులు రాసిపెట్టే ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ దగ్గర దొరుకుతుంది. పైథాన్‌లో దాన్ని అడగడానికి వాడేది ఏడబ్ల్యూఎస్ లైబ్రరీ బోటో3లోని కాన్ఫిగ్ క్లయింట్. పని నమ్మకంగా చేస్తుంది. కాకపోతే ఏపీఐ (ప్రోగ్రాములు ఆ సేవను పిలిచే దారి) మీద కప్పిన పల్చటి పొర ఇది, ఏపీఐలోని వంకరలన్నీ అలాగే మన చేతికొస్తాయి.

పెట్టుకోవడంలో వరస తప్పకూడదు. ముందు పుట్ కాన్ఫిగరేషన్ రికార్డర్ (మార్పులు రాసేది), తర్వాత పుట్ డెలివరీ ఛానెల్ (రాసినవి ఎక్కడికి పంపాలో చెప్పేది), ఆఖరున స్టార్ట్ కాన్ఫిగరేషన్ రికార్డర్. ఛానెల్ లేకుండా స్టార్ట్ కొడితే "నో అవైలబుల్ డెలివరీ ఛానెల్" ఎర్రర్, రికార్డర్ లేకుండా ఛానెల్ పెట్టబోతే దానికో ఎర్రర్. రికార్డులు చేరే ఎస్3 బకెట్ (ఫైళ్ల నిల్వ) పాలసీ సరిగ్గా లేకపోతే ఛానెల్ దగ్గరే ఆగిపోతుంది.

రికార్డర్ రీజియన్‌కి (డేటా సెంటర్లున్న ప్రాంతానికి) ఒకటి. ముంబైలో మాత్రమే ఆన్ చేసి, 2022 నవంబర్‌లో వచ్చిన హైదరాబాద్ రీజియన్‌లో సర్వర్లు పెట్టుకుంటే అక్కడి చరిత్ర ఒక్క ముక్క కూడా ఉండదు. లాకుల దగ్గర నీటిమట్టం రాసే రిజిస్టరు లాంటిదిది. రాయడం మొదలైన రోజు నుంచే లెక్క. అందుకే జవాబు ఖాళీగా వస్తే మార్పు జరగలేదని సంబరపడకుండా, డిస్క్రైబ్ కాన్ఫిగరేషన్ రికార్డర్ స్టేటస్ పిలిచి చూడండి. "రికార్డింగ్" ట్రూ అని ఉన్నా, రికార్డర్ వాడే రోల్‌కి అనుమతులు చాలకపోతే "లాస్ట్ స్టేటస్" ఫెయిల్యూర్ అని ఉండొచ్చు. రెండూ చూడాలి.

అసలు సరుకు గెట్ రిసోర్స్ కాన్ఫిగ్ హిస్టరీలో ఉంది. రిసోర్స్ టైపు, ఐడీ ఇస్తే కొత్తది ముందు, పాతది వెనక వస్తాయి. లిమిట్ చెప్పకపోతే పేజీకి 10, గరిష్ఠం 100. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది: "కాన్ఫిగరేషన్" అనే ఫీల్డు డిక్షనరీ కాదు, జేసన్‌తో (డేటాని అక్షరాలుగా రాసే పద్ధతి) నింపిన స్ట్రింగ్. జేసన్ లోడ్స్‌తో మళ్లీ విప్పాలి. విప్పాక కూడా పేర్లు తేడా. ఈసీ2 (సర్వర్ల సేవ) క్లయింట్‌లో తెరిచిన పోర్టుల జాబితా ఉండే "ఐపీ పర్మిషన్స్" కీ పెద్దక్షరంతో మొదలవుతుంది, ఇక్కడ చిన్నక్షరంతో. ఈసీ2 కోసం రాసిన ఫంక్షన్‌ని తెచ్చి ఇక్కడ అతికిస్తే, ఖాళీ లిస్టు డిఫాల్టుగా పెట్టి డిక్షనరీ గెట్‌తో తీసినప్పుడు ఎర్రర్ కూడా రాదు, ఖాళీ లిస్టు వస్తుంది. తెరిచి ఉన్న పోర్టు మూసి ఉన్నట్టే కనబడుతుంది. ఈ క్లయింట్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే.

రెండో రాయి టైము. ఎర్లియర్ టైమ్, లేటర్ టైమ్‌లకు టైమ్‌జోన్ లేని డేట్‌టైమ్ ఇస్తే, బోటో3 దాన్ని యూటీసీగా తీసుకుంటుంది. మెషీన్ గడియారం టైముని అలాగే పంపే స్క్రిప్టు లాంబ్డా (సర్వర్ పెట్టుకోకుండా కోడ్ నడిపే సేవ) మీద సరైన జవాబిస్తుంది, లాంబ్డా యూటీసీలో నడుస్తుంది కాబట్టి; అదే స్క్రిప్టు కాకినాడలో లాప్‌టాప్ మీద అయిదున్నర గంటలు పక్కకు జరిగిన జవాబిస్తుంది. టైమ్‌జోన్ ప్రతిసారీ రాసి పంపండి.

తర్వాతి పేజీ అడిగే టోకెన్ పేరు ఒక మెథడ్‌లో పెద్ద ఎన్‌తో, ఇంకోదాంట్లో చిన్న ఎన్‌తో ఉంటుంది. పేజీలన్నీ తానే తెచ్చే పేజినేటర్ వాడితే ఆ గొడవ లేదు. చాలా రిసోర్సుల స్థితి ఒకేసారి అడిగే బ్యాచ్ గెట్ రిసోర్స్ కాన్ఫిగ్‌కి మాత్రం పేజినేటర్ లేదు. ఒక్కసారికి 100 రిసోర్సుల కీల వరకు పంపొచ్చు. "అన్‌ప్రాసెస్డ్" కీల్లో మిగిలినవాటిని మళ్లీ పంపాల్సింది మనమే. సెలెక్ట్ రిసోర్స్ కాన్ఫిగ్‌లో ఎస్‌క్యూఎల్‌తో అడగడం హాయి. కానీ అందులో జాయిన్లు లేవు, వచ్చేది ఇప్పటి స్థితే, ప్రతి వరసా మళ్లీ జేసన్ స్ట్రింగే.

ఖర్చు సంగతి. నిరంతర రికార్డింగ్‌కి ఒక్కో ఐటమ్‌కి (రాసిన ఒక్కో మార్పుకి) 0.003 డాలర్లు. 2023 నవంబర్‌లో వచ్చిన రోజువారీ (రోజుకి ఒక్కసారే రాసే) రికార్డింగ్‌కి 0.012. అంటే రోజుకి నాలుగుసార్ల కంటే ఎక్కువ మారే రిసోర్సులకే రోజువారీ లాభం. ఆటోస్కేలింగ్‌లో పుట్టి పోయే ఇన్‌స్టాన్సులు, వాటి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులే బిల్లు పెంచుతాయి. నిరంతరంలో రోజుకి 500 ఐటమ్స్ అయితే నెలకి 45 డాలర్లు. వాటిని ఓవర్‌రైడ్‌తో (విడి మినహాయింపుతో) రోజువారీకి మార్చి, సెక్యూరిటీ గ్రూపులను నిరంతరంలోనే ఉంచండి. లేకపోతే మధ్యాహ్నం తెరిచి సాయంత్రం మూసిన పోర్టు రికార్డుకే ఎక్కదు.

నిరంతరమో రోజువారీయో చెప్పే "రికార్డింగ్ మోడ్" పారామీటర్ పాత బోటో3కి తెలియదు, తెలియని పారామీటర్ అని తిప్పి కొడుతుంది. లాంబ్డాలో ముందే ఉండే కాపీని నమ్ముకోకుండా కొత్త వెర్షన్‌ని లేయర్‌గా వెంట పట్టుకెళ్లండి.