టూ స్పిరిట్స్: క్వీన్స్‌లాండ్ ఆదివాసీ గే, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లైంగిక ఆరోగ్య సేవపై సమీక్ష

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఎబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులైన గే పురుషులకు, సిస్టర్‌గర్ల్స్‌కు, బ్రదర్‌బాయ్స్‌కు లైంగిక ఆరోగ్య విషయాల్లో అండగా నిలిచే సేవ టూ స్పిరిట్స్. పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై స్త్రీగా బతికేవారిని అక్కడి ఆదివాసులు సిస్టర్‌గర్ల్ అనీ, ఆడబిడ్డగా నమోదై పురుషుడిగా బతికేవారిని బ్రదర్‌బాయ్ అనీ పిలుచుకుంటారు. 1984లో క్వీన్స్‌లాండ్ ఎయిడ్స్ కౌన్సిల్‌గా మొదలైన సంస్థే పేరు మార్చుకుని ఇప్పుడు ఈ విభాగాన్ని నిర్వహిస్తోంది. అందులో ముందుండి పనిచేసేది ఆ సమాజాలవారే. నేను ఆ సమాజాలకు బయటి మనిషిని. వారు అందరి ముందూ ఉంచిన ప్రచార సామగ్రినీ, పనితీరునూ, చరిత్రనూ బట్టి ఏర్పడిన అభిప్రాయం ఇది.

ఈ సేవ విలువ తెలియాలంటే ముందు ఒక ఆచారాన్ని అర్థం చేసుకోవాలి. చాలా ఎబోరిజినల్ సమాజాల్లో శరీరానికీ, లైంగికతకూ సంబంధించిన సంగతులు ఆడవారి ముందు మగవారు గానీ, మగవారి ముందు ఆడవారు గానీ ఎత్తరు. ఆ మర్యాదను పాటించే ఆరోగ్య కేంద్రాలు మగవారికి మగ కార్యకర్తను, ఆడవారికి ఆడ కార్యకర్తను ఏర్పాటు చేస్తాయి. మరి సిస్టర్‌గర్ల్ ఎవరి దగ్గరికి వెళ్లాలి? మగవారి వైపు పంపితే ఆమెకు అవమానం; ఆడవారి వైపు వెళితే ఎవరేమంటారోనన్న బెరుకు; చివరికి పరీక్షే మానుకునే ప్రమాదం. దీనికి తోడు చిన్న ఊళ్లలో ఆరోగ్య కార్యకర్త తరచుగా చుట్టమే అవుతారు. మేనత్త వరుసయ్యే మనిషి చేతికి సిఫిలిస్ పరీక్ష కోసం రక్తం ఇవ్వడానికి ఎవరికి మనసొప్పుతుంది? పోనీ నగరంలోని గే క్లినిక్‌కు వెళదామంటే, తన నేల గురించీ, బంధుత్వాల గురించీ, పెద్దల మాటకుండే బరువు గురించీ అక్కడ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. ఈ రెండు ఇబ్బందులూ తెలిసిన మూడో గడప ఒకటి ఉండడమే నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది.

ప్రచార సామగ్రిలోనూ ఆ ఎరుక కనిపిస్తుంది. 1987లో ఎయిడ్స్ గురించి హెచ్చరిస్తూ, బౌలింగ్ బంతితో మనుషులను పడగొట్టే మృత్యువును చూపిన టీవీ ప్రకటన ఆస్ట్రేలియా అంతటినీ భయపెట్టింది. అదే ఏడాది టౌన్స్‌విల్‌లో గ్రేసలిన్ స్మాల్‌వుడ్ అనే ఎబోరిజినల్ నర్సు, తోటి ఆరోగ్య కార్యకర్తలతో కలిసి కండోమాన్ అనే బొమ్మల వీరుణ్ణి సృష్టించారు. సిగ్గుపడవద్దని, కండోమ్ వాడమని అతడు తనవాళ్లకు నవ్వుతూ చెబుతాడు. 2009లో టూ స్పిరిట్స్ అతన్ని కొత్త రూపంలో మళ్లీ జనంలోకి తెచ్చి, లూబ్‌లీషియస్ అనే వీరవనితను తోడు చేర్చింది. బెదిరించే మాట కన్నా అయినవాడి మాట చెవికెక్కుతుందని ఈ పోస్టర్లు చూస్తే తెలుస్తుంది. అయితే ఆ ఇద్దరిలో ఏ ఒక్కరిలోనూ బ్రదర్‌బాయ్ తన పోలిక చూసుకోలేడు. అతనికీ గర్భాశయ ముఖద్వార పరీక్ష అవసరం కావచ్చు, గర్భనిరోధం గురించి అడగవలసి రావచ్చు. ఆ ప్రశ్నలకు కూడా ఇలాంటి ఒక వీరుడు ఉండాలని నా గట్టి కోరిక.

దూరం అసలైన కొరత. క్వీన్స్‌లాండ్ విస్తీర్ణం 17 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. టూ స్పిరిట్స్‌కు కేంద్రాలైన బ్రిస్బేన్, కెయిర్న్స్ రెండూ తూర్పు తీరంలోనే ఉన్నాయి. 2011లో మొదలై, తరువాత నార్తర్న్ టెరిటరీకీ, పశ్చిమ, దక్షిణ ఆస్ట్రేలియాలకూ పాకిన సిఫిలిస్ వ్యాప్తి పుట్టింది మాత్రం వాయవ్య క్వీన్స్‌లాండ్‌లో. హెచ్‌ఐవి రాకుండా కాపాడే ప్రెప్ మాత్రలకు 2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ రాయితీ వచ్చింది గానీ, ఆ మందు వాడేవారు సాధారణంగా మూడు నెలలకోసారి పరీక్షలు చేయించుకోవాలి. మారుమూల ఊరి మనిషికి మందు ధర కన్నా ఈ ప్రయాణమే భారం. ఇది కార్యకర్తల లోపం కాదు. నిధులిచ్చే ప్రభుత్వాలు ఆలోచించవలసిన విషయం.

క్వీన్స్‌లాండ్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లకూ, నర్సులకూ ఒక మనవి. ఆదివాసీ రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏ పేరుతో పిలవాలో, మగ సిబ్బంది కావాలో ఆడ సిబ్బంది కావాలో, సొంత సమాజం మనిషి కావాలో బయటివారు కావాలో ముందుగా వారినే అడగండి. వారు ఒప్పుకుంటేనే టూ స్పిరిట్స్‌కు కబురు చేయండి.