ఐఫోన్ బ్యాటరీ మార్పిడి: జగదీష్ మార్కెట్టా, సర్వీస్ సెంటరా?

బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత ఛార్జ్ నిలుస్తుందో చెప్పే లెక్క) 80 శాతం కంటే దిగితే మార్చేయడమే మేలు. ఐఫోన్ 14 వరకూ 500 ఛార్జ్ సైకిళ్లకు (మొత్తం మీద 100 శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్), 15 నుంచి 1000 సైకిళ్లకు ఆ స్థాయికి వస్తుందని ఆపిల్ లెక్క. ఏటా కొత్త మోడల్ అంటూ ఊదరగొట్టే కంపెనీలు ఈ చవక మార్గం గురించి పెద్దగా చెప్పవు.

హైదరాబాద్ అబిడ్స్‌లోని సెల్‌ఫోన్ల బజారు జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల పని కళ్లెదుటే జరుగుతుంది. అదే పెద్ద ప్లస్. అక్కడే నిలబడి చూడండి. బ్యాటరీ కింది జిగురు పట్టీలను మెల్లగా, వాలుగా లాగాలి. తెగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. ఇనుప పనిముట్టుతో పొడుస్తుంటే వెంటనే ఆపించండి, సెల్‌కు చిల్లు పడితే మంటలే. మూసేముందు కొత్త సీల్ టేపు వేయమనండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, అది లేకుంటే నీటి రక్షణ పోయినట్టే.

ఐఫోన్ ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ నుంచి వచ్చిన మోడళ్లలో బయటి బ్యాటరీ వేస్తే సెట్టింగ్స్‌లో హెచ్చరిక వస్తుంది. ఫోన్ మామూలుగానే పనిచేస్తుంది. హెచ్చరిక రాకుండా పాత బ్యాటరీ బోర్డును (బ్యాటరీకి అతికి ఉండే చిన్న సర్క్యూట్) కొత్త సెల్‌కు వెల్డ్ చేస్తామంటారు. చేయి తిరిగిన మెకానిక్ అయితే తప్ప ఒప్పుకోవద్దు. అదే సైజులో బోలెడు ఎక్కువ ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం) అని స్టిక్కర్ ఉంటే అస్సలు నమ్మొద్దు.

వారంటీ ఉన్న ఫోనైతే సర్వీస్ సెంటరే నయం, ముందు బ్యాకప్ తీసుకోండి. బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ లేచిందా? నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి, స్విచాఫ్ చేసి తీసుకెళ్లండి.